డొనేషనూ కట్నమూ: కాలేజీలు మూతపడ్డాక

మా వైపు రెండు విషయాల్లో 'కొన్నాడు' అనే మాట వాడతారు. కొడుక్కి సీటు కొన్నాడు, కూతురికి ఇంజనీరు అల్లుణ్ణి కొన్నాడు. డబ్బు చేతులు మారేటప్పుడు మాత్రం ఆ మాట ఎవరూ అనరు. సీటుకి ఇచ్చేది డొనేషన్, అంటే విరాళం. అల్లుడికి ఇచ్చేది లాంఛనం, 'మా సంతోషం కొద్దీ'. రెండూ చట్టరీత్యా నేరాలే. కట్నాన్ని 1961లో కేంద్రం నిషేధించింది. క్యాపిటేషన్ ఫీజుని 1983లో మన రాష్ట్రం నిషేధించింది. రెండు నిషేధాల తర్వాతా రెండు వ్యాపారాలూ ఎట్లా నడిచాయో మనకెవరికీ చెప్పనక్కర్లేదు.

పేర్లు కలవడం దగ్గరే ఇది ఆగిపోతే నేనీ వ్యాసం రాసేదాన్ని కాదు. ఒకదాని డబ్బు ఇంకోదానిలోకి పారింది. కోడుమూరులో నేను పెరిగిన మగ్గాల వీధికి రెండు వీధుల అవతల ఒక రైతు కుటుంబం ఉండేది. ఎనభైల్లో వాళ్ళు నాలుగెకరాలు అమ్మి పెద్దకొడుక్కి కర్నాటకలో ఇంజనీరింగ్ సీటు కొన్నారు. మాకు కర్నాటక దగ్గర, అక్కడ సీట్లు దొరికేవి. ఆ ఏడే ఆ అబ్బాయి చెల్లెలు పదో తరగతిలో బడి మానేసింది. ఆరేళ్ళ తర్వాత అతని పెళ్ళికి వచ్చిన కట్నంతో అమ్మిన నాలుగెకరాలకు బదులు అయిదెకరాలు కొన్నారు. ఊళ్ళో అందరూ ఆ పెద్దాయన ముందుచూపుని మెచ్చుకున్నారు. లెక్క చూస్తే ఆ సీటుకి చివరికి డబ్బు కట్టింది ఎక్కడో ఆదోని దగ్గర పుట్టిన ఒక ఆడపిల్ల తండ్రి. చదువు వదులుకుని వడ్డీ కట్టింది ఆ ఇంటి ఆడపిల్ల. విద్యా వ్యాపారం గురించి ఎన్ని వ్యాసాలు చదివినా ఈ లెక్క ఎక్కడా కనపడదు. ఎంత ఫీజు, ఎన్ని సీట్లు, ఏ కోర్టు ఏమంది అనేవే ఉంటాయి.

కోర్టుల సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఎందుకంటే అందులో మన రాష్ట్రానిదే పెద్ద పాత్ర. 1992లో ప్రైవేటు మెడికల్, డెంటల్ కాలేజీలకు ఇచ్చిన అనుమతులను హైకోర్టు తప్పుపట్టింది. ఆ దెబ్బకి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి అక్టోబరులో రాజీనామా చేశారు. ఆయన స్థానంలో వచ్చిన కోట్ల విజయభాస్కరరెడ్డిది మా కోడుమూరు పక్కన లద్దగిరి. ఊళ్ళో ఆ వారమంతా పండగే. కాలేజీ సీట్ల వల్ల ఒక ముఖ్యమంత్రి పోయి మనోడు వచ్చాడని ఊళ్ళో అనుకున్నారు గానీ, ఆ సీట్ల మాట ఏమైందని అడిగినవాళ్ళు నాకు గుర్తు లేదు. 1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసులో తీర్పిచ్చింది. ఆ కేసు పూర్తి పేరులో ఎదుటి పక్షం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. పద్నాలుగేళ్ళ దాకా చదువు ప్రాథమిక హక్కని, క్యాపిటేషన్ కూడదని, ప్రొఫెషనల్ కాలేజీల్లో సగం సీట్లు ఫ్రీ, సగం పేమెంటు అని చెప్పిన తీర్పది. తొమ్మిదేళ్ళకి, 2002లో, టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండు మంది జడ్జీల ధర్మాసనం ఆ సీట్ల పథకాన్ని కొట్టేసింది. విద్యాసంస్థ నడపడం కూడా రాజ్యాంగం చెప్పే ఒక వృత్తేనంది. మితమైన మిగులు ఉండొచ్చు, లాభాపేక్ష ఉండకూడదు అంది. మిగులు ఎక్కడ ఆగి లాభం ఎక్కడ మొదలవుతుందో చూసే పని కమిటీలకు వదిలారు.

అమెరికాలో లాభం కోసం నడిచే కాలేజీలు ఆ మాట దాచుకోవు. వాటికి షేర్లుంటాయి, స్టాక్ మార్కెట్లో ధర ఉంటుంది. కొరింథియన్ కాలేజెస్ 2015లో, ఐ.టి.టి. టెక్ 2016లో కుప్పకూలాయి. 2022లో అక్కడి ప్రభుత్వం కొరింథియన్‌లో చదివిన 5,60,000 మంది అప్పులు, దాదాపు 580 కోట్ల డాలర్లు, రద్దు చేసింది. ట్రెసీ మెక్‌మిలన్ కాటమ్ అనే నల్లజాతి సామాజికశాస్త్రవేత్త అలాంటి రెండు కాలేజీల్లో విద్యార్థులను చేర్పించే ఉద్యోగం చేసి, తర్వాత 2017లో 'లోయర్ ఎడ్' అనే పుస్తకం రాసింది. చేరే వాళ్ళలో ఆడవాళ్ళు, అందునా నల్లజాతి తల్లులు ఎక్కువ. వాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కాదని, వాళ్ళకున్న దారుల్లో అదే దారిగా కనపడేటట్టు సమాజం ఏర్పాటయి ఉందని ఆమె వాదన. కోడుమూరు తల్లులకు ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. ఒక్కటే తేడా. మన దగ్గర చట్టం ప్రకారం లాభం కోసం నడిచే కాలేజీ ఒక్కటి కూడా లేదు. అన్నీ ట్రస్టులే, సొసైటీలే. అన్నింటి గోడల మీదా సరస్వతి బొమ్మ ఉంటుంది. దుకాణమని బోర్డు పెట్టిన చోట మనం తూకం చూసుకుంటాం. గుడి అన్న చోట తూకం అడగడం మర్యాద కాదనుకుంటాం. నా దృష్టిలో మన వ్యాపారం అమెరికా వ్యాపారం కన్నా నైతికంగా ఒక మెట్టు కింద ఉండటానికి కారణం ఇదే.

(ఆ దేశం మోసం కూడా మనవాళ్ళను వదల్లేదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగినప్పుడు చిక్కుకున్న వాళ్ళలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కాళ్ళకు రేడియో పట్టీలు కట్టారు. దాని యజమానురాలికి 2014లో పదహారేళ్ళ జైలు పడింది. 2019లో ఫార్మింగ్టన్‌లో అయితే యూనివర్సిటీని పెట్టింది అక్కడి ప్రభుత్వమే, వల వేయడానికి. అరెస్టయిన వాళ్ళలో మళ్ళీ తెలుగు పిల్లలే ఎక్కువ. సీటు కొనే అలవాటుని సముద్రం దాటించి తీసుకుపోయాం.)

మళ్ళీ మా ఊరికి వస్తాను. కర్నూలుకి ముప్పై పైచిలుకు కిలోమీటర్లు. మగ్గాలు, వేరుశనగ, పత్తి. వానలు తప్పిన ఏడు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిల్లల్ని వెంటేసుకుని సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోతారు. ఈ ఊళ్ళో ఆడపిల్లకి ఇంజనీరింగ్ అనే ఆలోచన నా చిన్నప్పుడు ఎవరికీ లేదు. 2008 ప్రాంతంలో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌ని బీసీలకు, ఇతర పేదలకు విస్తరించాక ఆ ఆలోచన వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు ఏడు వందలు దాటాయి. కొనేవాడికి బదులు ప్రభుత్వం డబ్బు కడుతున్నప్పుడు సరుకు ఎట్లా ఉందని ఎవరడుగుతారు?

మా పిన్నమ్మ కూతురు, నాకు చెల్లెలు, మగ్గం నేస్తుంది. 2015లో దాని పెద్దకూతురికి ఎంసెట్‌లో ఏదో ర్యాంకు వచ్చింది. నేను ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తాను కాబట్టి సలహా అడగడానికి వచ్చింది. "అక్కా, బస్సు ఇంటి ముందరికే వస్తాదంట. ఫీజు గవర్మెంటే కడ్తాదంట. సాయంత్రం అయిదున్నరకంతా పిల్ల ఇంట్లో ఉంటాది. ఇంగేం గావాల?" అంది. ఆ కాలేజీలో ల్యాబ్ ఎట్లా ఉందో, పాఠాలు ఎవరు చెప్తారో దానికి తెలీదు. కానీ అది చెప్పిన మూడు మాటలూ ఆ కాలేజీ పీఆర్వో చెప్పినవే, అదే వరసలో. కొడుకుల తండ్రులకు ప్లేస్‌మెంట్ల ఫోటోలు చూపించే ఆ పీఆర్వో కూతుళ్ళ తల్లులకు బస్సుని చూపిస్తాడు. ఆడపిల్ల చదువులో ఇంటివాళ్ళకు కావలసింది భద్రత, దగ్గర, ఖర్చు లేకపోవడం అని ఆ వ్యాపారికి తెలిసినంత బాగా విద్యాశాఖకు తెలీదు. నేను బి.ఎస్సీ. చేర్పించమన్నాను, హాస్టలుందన్నాను. "డిగ్రీ అంటే పెండ్లిసూపులకి కూసోబెట్టినట్లేగదక్కా" అంది.

పిల్ల ఆ కాలేజీలోనే చేరింది. నాలుగేళ్ళూ చదివింది. చివరి రెండేళ్ళు సర్కారు నుంచి రావలసిన ఫీజు రాలేదని సర్టిఫికెట్లు ఆపారు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లో కూడా స్పష్టంగా చెప్పింది. ఆ కాగితం తీసుకుని నేనే వెళ్ళాను. ఆఫీసులో కూర్చున్నాయన మర్యాదగా చదివి, మడిచి, నా చేతిలో పెట్టాడు. చెల్లెలు కమ్మలు, గొలుసు కుదువ పెట్టి డబ్బు కట్టింది. సర్టిఫికెట్లు వచ్చాయి. ఇంకో రెండేళ్ళకి కాలేజీ మూతపడింది. ఇప్పుడు ఆ ఆవరణలో కంపచెట్లు మొలిచాయి. పసుపు బస్సులు రెండు టైర్లు లేకుండా నిలబడి ఉన్నాయి.

ఇది ఒక కాలేజీ సంగతే కాదు. 2014లో హైదరాబాద్ జేఎన్‌టీయూ వందకు పైగా కాలేజీలకు అనుబంధ గుర్తింపు నిరాకరించింది. 2020 నుంచి ఏఐసీటీఈ కొత్త ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులు ఆపింది, బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి కమిటీ సిఫార్సు మీద. 2023లో ఆ ఆంక్ష ఎత్తేశారు. ఈలోగా సివిల్, మెకానికల్ బ్రాంచీలు ఖాళీ అయ్యాయి. ఉన్న కాలేజీలు కంప్యూటర్ సైన్స్ సీట్లు పెంచుకున్నాయి. చిన్నవి పోయాయి, పెద్దవి ఇంకా పెద్దవయ్యాయి. వీటిని పతనం అని రాసేవాళ్ళ గొంతుల్లో ఒక సంతృప్తి వినిపిస్తుంది. తగిన శాస్తి జరిగిందన్నట్టు. నాకూ అట్లాగే అనిపించి ఉండేదేమో, ఆ అమ్మాయి ఒక మాట అనకపోయి ఉంటే.

ఇప్పుడు ఆ పిల్ల బెంగళూరులో ఒక కంపెనీలో టెస్టింగ్ పని చేస్తోంది. కాలేజీలో నేర్చుకున్నది ఇందులో ఏమన్నా పనికొచ్చిందా అంటే నవ్వుతుంది. మరి దండగే గదా అన్నాను. "పెద్దమ్మా, ఆ నాలుగేండ్లు మా నాయన పెండ్లి మాట ఎత్తలేదు. అది సాలదా?" అంది.

ఈ మాటకి నా దగ్గర తేలికైన జవాబు లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ళ వయసున్న స్త్రీలలో పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయిన వాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం. దేశం మొత్తం మీద 23. ఇట్లాంటి చోట ఒక పనికిమాలిన కాలేజీ ఆడపిల్లకి ఇచ్చింది చదువు కాదు, వ్యవధి. బస్సులో కిటికీ పక్క సీటు, పక్క ఊరి స్నేహితురాలు, చేతిలో సెల్‌ఫోన్, ఇరవై రెండేళ్ళు నిండటం. కాలేజీ యజమాని ఇవి అమ్ముతున్నానని అనుకోలేదు. అతను అమ్మింది పట్టా. పిల్లలు అందులోంచి తమకు కావలసింది తీసుకున్నారు. వంకాయలు అమ్మేవాడి దగ్గర గోనెసంచి తీసుకుని పరుపు కుట్టుకున్నట్టు.

అయితే ఆ వాదన కూడా నన్ను పూర్తిగా ఒప్పించదు. పెళ్ళి వాయిదా వేసుకోవడానికి ఒక ఆడపిల్ల నాలుగేళ్ళు చెప్పని పాఠాలకి హాజరవ్వాలా? తల్లి కమ్మలు కుదువ పెట్టాలా? ఆ వ్యవధి ఆమె హక్కు. హక్కుని దొంగసరుకు మధ్యలో దాచి ఇచ్చినవాణ్ణి ఉపకారి అనలేం. పైగా ఆ పిల్లకి ఆ నాలుగేళ్ళలో గణితమో రసాయనశాస్త్రమో నిజంగా చెప్పి ఉంటే ఏమయ్యేదో మనకెవరికీ తెలీదు. జరగని దాన్ని ఎవరూ లెక్కకట్టరు, అందుకే దానికి నష్టపరిహారం కూడా ఉండదు.

ఇంకొక లెక్కకి రాని గుంపు ఉంది. ఆ కాలేజీల్లో పాఠాలు చెప్పిన ఆడవాళ్ళు. ఎం.టెక్. చేసి, పెళ్ళయి, భర్త ఉద్యోగం కర్నూలులోనో నంద్యాలలోనో ఉన్నందువల్ల అక్కడే దొరికిన ఉద్యోగం చేసినవాళ్ళు. యాజమాన్యాలు వాళ్ళను ఇష్టపడి తీసుకునేవి. 'లేడీసయితే గొడవ చెయ్యరు.' కాగితం మీద ఒక జీతం, చేతికి వేరే జీతం. బ్యాంకులో పడినదాంట్లో కొంత వెనక్కి తెచ్చి నగదుగా ఇవ్వాలి. ఎండాకాలం సెలవుల్లో ఊళ్ళు తిరిగి పిల్లల్ని చేర్పించాలి, లేకపోతే జీతం ఆగుతుంది. ఇన్‌స్పెక్షన్ రోజు పక్క కాలేజీకి పోయి అక్కడి స్టాఫుగా కూర్చోవాలి. ఇవన్నీ నాకు చెప్పిన స్నేహితురాలు ఎనిమిది నెలలు జీతం లేకుండా పనిచేసింది. కాలేజీ మూసినరోజు ఇంట్లో ఎవరూ బాధపడలేదట. "పోనీలే, ఇంక పిల్లల్ని చూసుకోవచ్చు" అన్నారట. అదే భర్త ఉద్యోగం పోయి ఉంటే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. ఆడదాని జీతం 'అదనం' అని ఇల్లూ, యాజమాన్యమూ ఒకే లెక్క వేసుకున్నాయి. ఆమె అబద్ధపు స్టాఫుగా కూర్చున్నది తప్పు కాదా అని ఒక సెమినార్‌లో ఎవరో అడిగారు. తప్పే. కానీ ఆ ప్రశ్న ఆమెని అడిగే ముందు ఆ కుర్చీ వేసినవాణ్ణి అడగాలని నేను గట్టిగా అనుకుంటాను.

రీయింబర్స్‌మెంట్ డబ్బుకీ ఒక ఆడ చరిత్ర ఉంది. 2021లో జగనన్న విద్యాదీవెన కింద ఆ డబ్బు కాలేజీకి బదులు తల్లి ఖాతాలో వేయడం మొదలుపెట్టారు. తల్లి కాలేజీకి వెళ్ళి కడుతుంది, కట్టేటప్పుడు ప్రశ్నిస్తుంది అన్నారు. ఆలోచన మంచిదే. మా చెల్లెలు వంటివాళ్ళు ఆ కాలేజీ గేటు లోపల మొదటిసారి అడుగుపెట్టింది అప్పుడే. కానీ వాయిదా ఆలస్యమైతే కాలేజీ దృష్టిలో బాకీదారు ప్రభుత్వం కాదు, తల్లి. అధికారం ఇచ్చామని చెప్పి అప్పు ఇచ్చారు. ప్రభుత్వం మారాక, 2024లో, మళ్ళీ నేరుగా కాలేజీకే అన్నారు. తల్లిని మధ్యలో పెట్టినప్పుడూ తీసినప్పుడూ ఆమెని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. 'మంచి కాలేజీ ఎంచుకోండి' అని సలహా చెప్పడం నైతికంగా ఎంతవరకు సబబు? ఎంపిక అనే మాటని మనం, స్త్రీవాదులం, ఎంతో పోట్లాడి తెచ్చుకున్నాం. ఇప్పుడది వెబ్ ఆప్షన్ల పేజీలో ఒక గడి అయింది. గడి తప్పుగా నొక్కితే తప్పు నొక్కినవాళ్ళది. ఎంచుకోమని చెప్పడంలో, రేపు మునిగితే నీదే బాధ్యత అనే మాట కూడా దాగి ఉంటుంది. అందుకని సలహా చెప్పకుండా ఊరుకోవడం మాత్రం నాకు సమ్మతం కాదు. తూకం గురించి తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళ పక్కన నిలబడాలి. చదువుకున్న మనం మన పిల్లల్ని ఎక్కడ చేర్పించాలన్నప్పుడు పదిమందికి ఫోన్లు చేస్తాం. ఆ ఫోన్లే మగ్గం నేసేవాళ్ళకి లేవు.

ప్రత్యామ్నాయాలు లేవనేది అబద్ధం. ఉన్నవి మెరవవు, అంతే. కర్నూలులో స్వాతంత్ర్య రజతోత్సవానికి గుర్తుగా 1972లో పెట్టిన సిల్వర్ జూబిలీ ప్రభుత్వ కళాశాల ఉంది. రాష్ట్రం నలుమూలల పిల్లలూ ఒక్కచోట ఉండి చదవాలని పెట్టింది. కె.వి.ఆర్. మహిళా కళాశాల ఉంది. 2008లో ఇడుపులపాయలో మొదలైన ట్రిపుల్ ఐటీ ఉంది. పదో తరగతి మార్కులతోనే సీటు, సర్కారు బడిలో చదివినవాళ్ళకి అదనపు మార్కులు, ఆరేళ్ళ చదువు. డబ్బుతో కొనడానికి ఎంసెట్ కోచింగ్ కూడా అక్కర్లేని చోటు కాబట్టి, ఇటీవలి ఏళ్ళలో అక్కడ సీట్లు తెచ్చుకుంటున్న వాళ్ళలో అమ్మాయిలే ఎక్కువ. మహిళా పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. కర్నూలు పక్క పెద్దపాడులో పుట్టి, మునిసిపల్ హైస్కూల్లో చదివి, అనంతపురం ప్రభుత్వ కళాశాల మీదుగా మద్రాసు లా కాలేజీకి పోయి, 1960లో దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య నడిచింది సర్కారు చదువు దారే. ఆయన చదివిన రోజుల్లో ఆ దారిలో ఆడపిల్లలు దాదాపు లేరు. ఇప్పుడు మా క్లాసుల్లో వాళ్ళే ఉన్నారు, మగపిల్లలు డబ్బు కట్టే చోట్లకి పోయారు గనక. ప్రభుత్వ కాలేజీ ఆడపిల్లలదయ్యాక దాని విలువ పడిపోయిందా, పడిపోయాక ఆడపిల్లలకి వదిలారా? రెండోదే అని నా అనుమానం.

మా కాలేజీలో కొరతలున్నాయి. ఖాళీ పోస్టులున్నాయి, గెస్ట్ లెక్చరర్లతో నెట్టుకొస్తున్నాం. అయినా ఫీజు కోసం ఎవరి టీసీనీ ఆపలేదు, ఎవరి కమ్మలూ కుదువకి పోలేదు. మార్కెట్ దృష్టిలో ఇదేమీ గొప్ప కాదు.

మూడేళ్ళుగా ఆప్షన్లు పెట్టే రోజుల్లో మేము నలుగురు ఆడ టీచర్లం మా కాలేజీ వరండాలో ఒక బల్ల వేసుకుని కూర్చుంటున్నాం. ప్రైవేటు కాలేజీకి పోవద్దని చెప్పం. ఆ కాలేజీకి ఏ యూనివర్సిటీ అనుబంధం ఉంది, పోయిన ఏడు ఎంతమంది పాసయ్యారు, మూడేళ్ళ కిందటి లెక్చరర్లు ఇంకా ఉన్నారా, ఆడపిల్లల ఫిర్యాదులు వినే కమిటీ పేర్లు గోడ మీద రాసి ఉన్నాయా, ఇవి కనుక్కుని చెప్తాం. పోయిన ఏడు గూడూరు నుంచి ఒక తల్లి వచ్చింది. చదువుకోలేదు. మేము చెప్పినవన్నీ విని, కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని, "ఇవన్నీ సరే గానీ అమ్మా, ఆడ పాఠాలు సెప్పే ఆడోళ్ళకి నెలనెలా జీతం ఇస్తాండారా?" అని అడిగింది. మా పట్టికలో ఆ ప్రశ్న లేదు. మా స్నేహితురాలు అప్పటికప్పుడు ఆ కాలేజీలో పనిచేసే తన శిష్యురాలికి ఫోన్ చేసింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తింది. వరండాలో ఉన్న మేమందరం ఫోన్ దగ్గరికి జరిగాం.